ఇంకోసారి వెతకమని అడిగే హక్కు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు వ్యాసం పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేశారు. చదువు మనిషి జీవితాన్ని ఎలా మారుస్తుందో రాయమన్నారు. అది రాయడానికి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు చాలామంది ఉన్నారు. నేనింకా ఎం.ఎస్సీ. బయోటెక్నాలజీ చదువుతున్నవాణ్ణి. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటివాణ్ణి. అందుకని నేను చదువుకున్న దాంట్లోంచి, నన్ను నిద్రపోనివ్వని ఒక్క సంగతి మాత్రమే రాస్తాను. శిక్షపడి జైల్లో ఉన్న మనిషికి, "నా కేసులో దొరికిన రక్తపు మరకను, ఆ బట్టను డి.ఎన్.ఎ. పరీక్షకు పంపండి" అని అడిగే హక్కు చట్టంలో ఉండాలా, వద్దా? ఉండి తీరాలన్నది నా అభిప్రాయం. ఎందుకో చెప్పేముందు మన హాస్టల్లోనే జరిగిన ఒక విషయం మీ అందరి ముందు ఒప్పుకోవాలి.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పటి మాట. సంక్రాంతి సెలవులయ్యాక తిరిగి వచ్చిన వారం. మా గదిలో ఒక అబ్బాయికి వాళ్ళమ్మ చెప్పులు కొనుక్కోమని ఇచ్చిన 300 రూపాయలు కనబడలేదు. ట్రంకు పెట్టెలో పెట్టానన్నాడు. ఆ ముందు రోజు రాత్రి స్టడీ అవర్లో కరెంటు పోయింది. ఆ చీకట్లో భుజాన గళ్ళ తువ్వాలు వేసుకున్న ఎవరో మా గదిలోంచి బయటికి పోవడం నేను చూశాను. నేను చూసింది తువ్వాలునే, ముఖాన్ని చూడలేదు. గళ్ళ తువ్వాళ్ళు అప్పుడు హాస్టల్లో పది పన్నెండు ఉండేవి. కానీ తెల్లారి నలుగురూ ఒక పేరు అంటుంటే నేను కూడా "అవును, వాడే, నేను చూశాను" అన్నాను.

ఆ పేరే అందరి నోటికీ ఎందుకొచ్చింది? వాడి జాతిని తెల్లదొరలు పుట్టుదొంగల జాతి అని కాగితం మీద రాసిపెట్టారు. 1871లో అందుకోసమే ఒక చట్టం తెచ్చారు. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా రద్దయింది. మన నోళ్ళలో మాత్రం రద్దు కాలేదు. అంటరానితనం గురించి పాటలు పాడుకునే మన హాస్టల్లో కూడా రద్దు కాలేదు.

ఆ పిల్లవాడు ఏడుస్తూ ఒక్కటే మాట అడిగాడు. "ఇంకోసారి వెతకండన్నా. అందరి పెట్టెలూ, పుస్తకాలూ తీసి చూడండన్నా." ఎవరూ వెతకలేదు. దొంగ దొరికాక ఇంకా వెతికేదేముంది అనుకున్నాం. మూడో రోజు వాళ్ళ నాన్న వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, పెట్టె నెత్తిన పెట్టుకుని కొడుకును తీసుకుపోయాడు. ఇరవై రోజుల తర్వాత డబ్బు పోయిందన్న అబ్బాయి తన సోషల్ పుస్తకానికి కొత్త అట్ట వేసుకుందామని పాతది విప్పితే, లోపల మూడు వంద రూపాయల నోట్లున్నాయి. భద్రంగా ఉంటుందని తనే దాచి మరిచిపోయాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పిల్లవాడు మాత్రం మళ్ళీ ఏ బడికీ వెళ్ళలేదని తర్వాత తెలిసింది.

ఎం.ఎస్సీ.లో ఫోరెన్సిక్ పాఠం చెబుతూ మా మేడమ్ గారు ఒకరోజు అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో జరిగిన కేసు చెప్పారు. 1984లో అక్కడ తొమ్మిదేళ్ళ పాపను ఎవరో చెరిచి చంపేశారు. కిర్క్ బ్లడ్స్‌వర్త్ అనే యువకుణ్ణి పట్టుకున్నారు. అంతకుముందు అతని మీద ఏ కేసూ లేదు. అతన్ని ఆ చుట్టుపక్కల చూశామని ఐదుగురు సాక్షులు చెప్పారు. 1985లో మరణశిక్ష పడింది. పై కోర్టు మళ్ళీ విచారణ జరపమంటే రెండోసారి కూడా దోషి అనే తేలి, యావజ్జీవ శిక్షలు పడ్డాయి. జైలు గ్రంథాలయంలో పనిచేస్తూ అతను ఒక పుస్తకం చదివాడు. ఇంగ్లండులో డి.ఎన్.ఎ. పరీక్షతో హంతకుణ్ణి ఎలా పట్టుకున్నారో అందులో ఉంది. పాప బట్ట మీది మరకకు ఆ పరీక్ష చేయించమని అతను పట్టుబట్టాడు. ఆ బట్ట ఎప్పుడో పారేశారన్నారు. చివరికి అది జడ్జి గారి గదిలోని అల్మారాలో దొరికింది. పరీక్ష చేస్తే ఆ మరక అతనిది కాదని తేలింది. 1993లో, దాదాపు తొమ్మిదేళ్ళు జైల్లో గడిపాక, బయటికొచ్చాడు. అమెరికాలో మరణశిక్ష పడి, డి.ఎన్.ఎ. వల్ల నిర్దోషిగా విడుదలైన మొదటి మనిషి అతనే. కొడుకు నిర్దోషి అన్న మాట వినకుండానే, విడుదలకు కొద్ది నెలల ముందు వాళ్ళమ్మ చనిపోయింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2003లో అదే నమూనా ఇంకొకడితో సరిపోయింది. ఆ అసలు నేరస్థుడు వేరే కేసులో శిక్షపడి అదే జైల్లో ఉండేవాడు. బ్లడ్స్‌వర్త్ అతనికి గ్రంథాలయం పుస్తకాలు తీసుకెళ్ళి ఇచ్చేవాడు కూడా.

క్లాసులో అందరూ ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం గళ్ళ తువ్వాలు గుర్తుకొచ్చింది. ఐదుగురు సాక్షులు అబద్ధాలకోరులు అయి ఉండరు. నాలాగే ఎవరినో చూసి ఉంటారు. నలుగురూ ఒక పేరు అంటుంటే తలూపి ఉంటారు. ఆ జడ్జి గారి అల్మారాలో దొరికిన బట్ట కూడా నాకు పుస్తకం అట్టలా కనిపించింది. ఎవరైనా విప్పి చూసేదాకా నిజం లోపలే ఉండిపోతుంది.

డి.ఎన్.ఎ. అంటే ఏమిటో బైపీసీ తమ్ముళ్ళకు తెలుసు. మిగతావాళ్ళ కోసం నాలుగు మాటలు. రక్తం, లాలాజలం, చర్మం, వెంట్రుక కుదురు, ఇలా మన ఒంట్లో ఎక్కడి కణం తీసుకున్నా ఉండే డి.ఎన్.ఎ. ఒకటే. మనుషులందరిలోనూ అది చాలావరకు ఒకేలా ఉంటుంది. కానీ కొన్ని చోట్ల చిన్న వరుసలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఒకే వరుస ఒకరిలో పదిసార్లు వస్తే మరొకరిలో పద్నాలుగుసార్లు రావచ్చు. ఇలాంటి చోట్లు పదిహేనో ఇరవయ్యో తీసుకుని పోల్చి చూస్తారు. ఒకే పోలిక కవలలను వదిలేస్తే, ఏ ఇద్దరికీ అవన్నీ కలవడం దాదాపు జరగని పని. 1984లో ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ ఈ దారి కనిపెట్టారు. మన దేశంలో దీన్ని నిలబెట్టింది మన హైదరాబాదే. అక్కడి సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ గారు స్వదేశీ పద్ధతిని తయారుచేశారు. ఆ తర్వాత డి.ఎన్.ఎ. పరీక్షల కోసమే సి.డి.ఎఫ్.డి. అనే కేంద్రం కూడా హైదరాబాదులోనే వచ్చింది.

ఇందులో ఒక మెలిక గుర్తుంచుకోవాలి. నమూనా కలిసిందంటే, అది అక్కడికి ఎలా వచ్చింది, మధ్యలో ఎవరైనా కలిపారా అన్న ప్రశ్నలు ఇంకా మిగిలే ఉంటాయి. శుభ్రంగా దాచిన నమూనా కలవలేదంటే మాత్రం అది ఆ మనిషిది కాదు. నిర్దోషికి ఈ పరీక్ష అంత గట్టి అండ. ఇంగ్లండులో మొట్టమొదట నేర విచారణలో దీన్ని వాడినప్పుడు జరిగింది కూడా అదే. 1986లో, అసలు హంతకుడు దొరకడానికి ముందే, పోలీసుల దగ్గర నేరం ఒప్పుకున్న 17 ఏళ్ళ కుర్రవాడు నేరం చేయలేదని ఈ పరీక్ష తేల్చింది. చేయని నేరం ఎందుకు ఒప్పుకున్నాడని మనం అడగనక్కర్లేదు. మన ఊళ్ళలో పోలీసు స్టేషను గడప తొక్కినవాళ్ళను అడిగితే చెబుతారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బ్లడ్స్‌వర్త్‌కు పరీక్ష దొరికింది హక్కుగా కాదు. ప్రాసిక్యూటర్లు సరేనన్నారు, బట్ట దొరికింది, అతనికి మంచి లాయరు ఉన్నాడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా అతను జైల్లోనే ఉండేవాడు. మనిషి బతుకు ఇలా అదృష్టం మీద ఆధారపడకూడదని అక్కడివాళ్ళు చట్టాలు అడిగారు. 1994లో న్యూయార్క్ రాష్ట్రం శిక్ష పడ్డాక కూడా పరీక్ష అడిగే వీలు కల్పించింది. 2004లో అమెరికా పార్లమెంటు కేంద్ర కేసుల్లోని ఖైదీల కోసం చట్టం చేసింది. రాష్ట్రాల్లో ఇలాంటి పరీక్షలకు డబ్బు ఇచ్చే పథకానికి బ్లడ్స్‌వర్త్ పేరే పెట్టింది. 2013లో ఓక్లహామా కూడా చేరడంతో 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక చట్టం ఉన్నట్టయింది. ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ అనే సంస్థ లెక్క ప్రకారం 1989 నుంచి 2020 వరకు 375 మంది డి.ఎన్.ఎ. వల్ల నిర్దోషులుగా తేలారు. వాళ్ళలో 21 మంది మరణశిక్ష ఖైదీలుగా గడిపినవాళ్ళు. ప్రతి పది కేసుల్లో దాదాపు ఏడింటిలో, కళ్ళారా చూశామన్న సాక్షులే పొరబడ్డారు.

అయినా అక్కడ కూడా ఇది రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదు. అలాస్కా రాష్ట్రంలో ఓస్బర్న్ అనే నల్లజాతి ఖైదీకి 1993 నాటి అత్యాచారం కేసులో శిక్ష పడింది. అప్పుడు చేసిన పరీక్ష ముతకది. నల్లజాతి వాళ్ళలో ప్రతి ఆరుగురిలో ఒకరికి సరిపోయేంత ముతకది. కొత్త పరీక్ష నా ఖర్చుతో చేయించుకుంటాను, నమూనా ఇవ్వండి అని అడిగాడు. 2009లో అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురికి నలుగురు తేడాతో కుదరదంది. ఇది చట్టసభలు చూసుకోవలసిన పని అంది. ఓస్బర్న్ నిర్దోషి అని నేను అనడం లేదు. అతను పెరోల్ బోర్డు ముందు నేరం ఒప్పుకున్నాడు కూడా. కానీ పెట్టెలో నమూనా ఉంది, దాన్ని పరీక్షించే పద్ధతి ఉంది, డబ్బులు అతనే ఇస్తానన్నాడు. అయినా చూడం అనడానికి న్యాయమైన కారణం ఏమిటో నాకు అర్థం కాలేదు.

టెక్సాస్‌లో రూబెన్ గుటియెరెజ్ అనే మరణశిక్ష ఖైదీ 1998 నాటి హత్య కేసులో ఏళ్ళ తరబడి డి.ఎన్.ఎ. పరీక్ష అడుగుతూ వచ్చాడు. 2024 జూలైలో శిక్ష అమలుకు దాదాపు ఇరవై నిమిషాల ముందు సుప్రీంకోర్టు ఆపింది. 2025 జూన్‌లో ఆరుగురికి ముగ్గురు తేడాతో తీర్పు చెప్పింది. ఆ తీర్పులో అతనికి దొరికింది పరీక్ష కాదు. పరీక్ష కోసం దావా వేసుకునే అర్హత మాత్రమే. 50 చట్టాలున్న దేశంలోనే ఇలా ఉంటే, ఒక్క చట్టం కూడా లేని చోట పరిస్థితి ఏమిటి?

ఆ ఒక్క చట్టం కూడా లేని చోటు మన దేశమే. మన నేర విచారణ చట్టంలో డి.ఎన్.ఎ. అన్న మాట 2005 సవరణతో వచ్చింది. అత్యాచారం కేసులో నిందితుడి నుంచి నమూనాలు తీసుకునే అధికారం దానివల్ల వచ్చింది. కొత్తగా వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 52వ సెక్షన్. అంటే పోలీసులు మన ఒంట్లోంచి నమూనా తీసుకోవచ్చు. అదే పెట్టెలోని నమూనాను మళ్ళీ చూడమని శిక్షపడ్డ మనిషి అడగవచ్చు అని చెప్పే సెక్షన్ ఏదీ లేదు. అప్పీలు నడుస్తున్నప్పుడు కోర్టు తనకు అవసరమనిపిస్తే అదనపు సాక్ష్యం తీసుకోవచ్చని 432వ సెక్షన్ అంటుంది. అది కోర్టు ఇష్టం, ఖైదీ హక్కు కాదు. అప్పీలు అయిపోతే ఆ దారీ మూసుకుపోతుంది. డి.ఎన్.ఎ. పరిజ్ఞానం వాడకం మీద 2019లో లోక్‌సభలో పెట్టిన బిల్లును 2023 జూలైలో వెనక్కి తీసుకున్నారు.

నమూనాల సంగతి ఇంకా అన్యాయం. విచారణ ముగిశాక కేసు వస్తువులను ధ్వంసం చేయమని కోర్టు ఆదేశించవచ్చు. అప్పీలు వేసి ఉంటే అది తేలేదాకా ఆగాలి. ఆ తర్వాత ఆగనక్కర్లేదు. మనిషి లోపల పద్నాలుగేళ్ళు, ఇరవై ఏళ్ళు ఉంటాడు. అతన్ని విడిపించగల గుడ్డముక్క మాత్రం అంతకాలం ఉండనక్కర్లేదు.

ఇదంతా పుస్తకాల్లో మాట కాదు. మన దగ్గరే జరిగింది. 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఒక మహిళా హాస్టల్లో బి.ఫార్మసీ చదివే విద్యార్థిని హత్యకు గురైంది. హాస్టల్లో ఉండి చదువుకునే మనకు ఆ కేసు ఎప్పటికీ పరాయిది కాదు. మరుసటి ఏడాది నందిగామ ప్రాంతానికి చెందిన సత్యంబాబు అనే పేద దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో విజయవాడ మహిళా ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది. ప్రాసిక్యూషన్ చూపిన సాక్ష్యాల్లో డి.ఎన్.ఎ. నివేదిక కూడా ఉంది. అతను నేరస్థుడు కాదని మొదటినుంచీ అన్నది ఎవరో కాదు, చనిపోయిన అమ్మాయి తల్లి. 2017 మార్చి 31న హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ఆ సాక్ష్యాలను నమ్మకుండా అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు.

తర్వాత బయటపడిన విషయం చూడండి. అప్పీలు హైకోర్టులో ఉండగానే, విజయవాడ కోర్టులో భద్రపరచిన వస్తు సాక్ష్యాలు ధ్వంసమైపోయాయి. 2018లో హైకోర్టు కేసును సి.బి.ఐ.కి అప్పగించింది. 2019 డిసెంబరులో తెనాలిలో ఆ అమ్మాయి సమాధిని తవ్వి, అవశేషాల నుంచి మళ్ళీ నమూనాలు తీసుకోవలసి వచ్చింది. పన్నెండేళ్ళ తర్వాత కూతురి సమాధి తవ్వుతుంటే ఆ తల్లిదండ్రులు ఎలా చూడగలిగారో నేను ఊహించలేను. కోర్టు గదిలో ఒక మూట జాగ్రత్తగా ఉండి ఉంటే ఆ గతి పట్టేదా?

ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నది రెండు విషయాలు. ఒకటి, డి.ఎన్.ఎ. నివేదిక దేవుడి మాట కాదు. అది కూడా మనుషులు తీసి, మనుషులు సీలు వేసి, మనుషులు చదివినదే. తడి బట్టను ప్లాస్టిక్ సంచిలో మూటకడితే బూజు పట్టి నమూనా చెడిపోతుంది. ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. ఆ చిన్న సంగతి మా ల్యాబులో మొదటి వారమే నేర్పుతారు. ప్రభుత్వ నిపుణుడి నివేదికను అతన్ని బోనెక్కించకుండానే సాక్ష్యంగా తీసుకునే వీలు మన చట్టంలో ఉంది. అందుకే ఖైదీకి మళ్ళీ పరీక్ష అడిగే హక్కుతోపాటు, మొదటి పరీక్షలో యంత్రం ఇచ్చిన అసలు కాగితాలు చూసే హక్కు కూడా కావాలి. రెండు, నమూనా దాచకపోతే హక్కు ఉన్నా లేనట్టే.

2025 జూలైలో సుప్రీంకోర్టు తమిళనాడుకు చెందిన కట్టవెల్లై అనే మరణశిక్ష ఖైదీని నిర్దోషిగా విడిచిపెడుతూ డి.ఎన్.ఎ. నమూనాల మీద దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. తీసిన నమూనా 48 గంటల్లోపు ల్యాబుకు చేరాలి. ఆలస్యమైతే కారణం రాయాలి. విచారణ, అప్పీలు నడుస్తుండగా కోర్టు అనుమతి లేకుండా సీలు విప్పకూడదు. నమూనా ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్ళిందో రిజిస్టరు రాయాలి. ఇది చాలా మంచి అడుగు. కానీ ఇది కేసు తేలేదాకా నమూనాకు కాపలా. కేసు తేలి జైలు గదిలో కూర్చున్న మనిషి చేతికి ఇంకా ఏమీ రాలేదు.

దీనికి అడ్డుచెప్పేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలు కొట్టిపారేసేవి కావు. కేసులకు ఎప్పుడో ఒకప్పుడు ముగింపు ఉండాలి కదా, బాధిత కుటుంబం మళ్ళీ మళ్ళీ కోర్టుకు రావాలా అంటారు. నిజమే. కానీ తప్పు మనిషి లోపలుంటే అసలువాడు బయట తిరుగుతున్నట్టే కదా. అది బాధిత కుటుంబానికి ఏం న్యాయం? దోషులు కూడా ఊరికే దరఖాస్తులు పెడతారంటారు. పెట్టనివ్వండి. పరీక్ష చేస్తే దోషి అని మరింత గట్టిగా తేలుతుంది. అమెరికాలో రోజర్ కోల్‌మన్ అనే వ్యక్తి నిర్దోషినంటూనే 1992లో మరణశిక్షకు గురయ్యాడు. చాలామంది అతన్ని నమ్మారు. 2006లో వర్జీనియా గవర్నరు ఆదేశంతో పరీక్ష చేస్తే నమూనా అతనిదే అని తేలింది. నమ్మినవాళ్ళు బాధపడ్డారు, కానీ అనుమానం పోయింది. నిజం ఎటు తేలినా అందరికీ మంచిదే. ఇక ఖర్చు, ల్యాబుల్లో పనిభారం సంగతి. ప్రతి ఖైదీకీ ప్రతి వస్తువుకూ పరీక్ష చేయమని ఎవరూ అడగడం లేదు. ఫలితం వస్తే తీర్పు మారే అవకాశం ఉన్న కేసుల్లోనే అడుగుతున్నాం. మనిషిని ఇరవై ఏళ్ళు జైల్లో పోషించడానికి డబ్బులున్న ప్రభుత్వానికి ఒక పరీక్షకు లేవంటే ఎలా?

ఇదంతా మా అమ్మకు చెప్పాను. మా అమ్మ మిరపకాయల కూలికి వెళుతుంది. అంతా విని, "కోర్టోళ్ళు ఒకసారి చెప్పినాక మనలాంటోళ్ళ మాట రెండోసారి ఎవరు ఇంటారు నాయనా" అంది. నేను చదివిన తీర్పులన్నిటి సారాంశం ఆ ఒక్క మాటలో ఉంది. 2022 చివరికి మన దేశ జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్ళలో 1,33,415 మంది శిక్షపడినవాళ్ళు. జైళ్ళలో ఉన్నవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది ఎస్సీ, ఎస్టీ, బీసీలే. అంటే మనం, మన బంధువులం, మన వాడల వాళ్ళం. డబ్బున్నవాడు మంచి లాయరును పెట్టుకుని మొదటిసారే అన్నీ వెతికించుకుంటాడు. పేదవాడికే రెండోసారి వెతకడం అవసరమవుతుంది. రెండోసారి అడిగే హక్కు లేనిది కూడా వాడికే.

కాబట్టి నేను కోరేది నాలుగు మాటల్లో చెబుతాను. శిక్షపడిన మనిషి తన కేసులోని నమూనాకు డి.ఎన్.ఎ. పరీక్ష అడిగే హక్కు, అప్పీలు అయిపోయాక కూడా ఉండేలా, చట్టంలో రాయాలి. శిక్ష పూర్తయ్యేదాకా ఆ నమూనాను దాచి తీరాలి. పాత పరీక్ష కాగితాలు ఇవ్వాలి, కొత్త పరీక్ష వేరే ల్యాబులో జరగాలి. పేద ఖైదీకి లాయరును, ఖర్చును ప్రభుత్వమే ఇవ్వాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఏడేళ్ళు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్ళడాన్ని తప్పనిసరి చేస్తోంది. ఇక ముందు డి.ఎన్.ఎ. మీద శిక్షపడే వాళ్ళు పెరుగుతారు. శిక్షవేయడానికి పనికొచ్చే పరీక్ష విడిపించడానికి కూడా పనికిరావాలి.

బాబాసాహెబ్ అంబేద్కర్ రాజ్యాంగంలోని 32వ అధికరణాన్ని రాజ్యాంగానికి ఆత్మ, హృదయం అన్నారు. హక్కులు అమలు కాకపోతే నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టే హక్కు అది. అడిగే దారి లేని హక్కు కాగితమే అని ఆయనకు తెలుసు.

తమ్ముళ్ళూ, చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, జైల్లో ఉన్న ఎవరికైనా ప్రభుత్వమే ఉచితంగా లాయరును ఇవ్వాలి. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఈ నంబరును హాస్టల్ గోడ మీద రాసిపెట్టండి. సెలవులకు వెళ్ళినప్పుడు ఇంట్లో చెప్పండి. డిగ్రీలో ఉన్నవాళ్ళు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్లుగా చేరండి. వాళ్ళు జైళ్ళకు కూడా వెళతారు. మనలోంచి లాయర్లు రావాలి, జడ్జీలు రావాలి. నమూనా కవరు మీద తేదీ సరిగ్గా రాసే ల్యాబ్ టెక్నీషియన్లు కూడా రావాలి. నేను ఆ పనికే వెళ్ళాలనుకుంటున్నాను.

చివరగా మరొక మాట. ఈ సంచిక పూర్వ విద్యార్థులందరికీ పంపుతారని విన్నాను. పది నెలలు మాత్రమే ఉండి వెళ్ళిపోయినవాళ్ళ చిరునామాలు రిజిస్టరులో ఉంటాయో లేదో తెలియదు. ఉంటే, ఏడో తరగతి మధ్యలో మానేసిన ఆ అబ్బాయికి కూడా ఒక ప్రతి పంపమని సంపాదక వర్గాన్ని కోరుతున్నాను. ఆ రాత్రి నేను చూసింది నిన్ను కాదు, ఒక గళ్ళ తువ్వాలుని మాత్రమే. ఆ మాట అప్పుడే చెప్పాల్సింది. నువ్వు అడిగినట్టు ఇంకోసారి వెతికి ఉండాల్సింది.

జై భీమ్.

(రచయిత మన హాస్టల్ పూర్వ విద్యార్థి. ప్రస్తుతం ఎం.ఎస్సీ. బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్నారు.)